దూలంలో వెలసిన రైలమ్మ

పక్క వీధిలో ఇనుము కోసే గ్యాసు బండిని లారీలోంచి దించుతున్న చప్పుడు వినబడగానే పిళ్ళప్ప చేతిలోని సంగటి ముద్దను కంచంలోనే వదిలేశాడు.

కంచం పక్కకు తోసి తలెత్తి చూశాడు. నడిమింట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నల్లగా, నున్నగా ఉంది దూలం. మిద్దె మీది బండలన్నిటినీ అదే మోస్తోంది. టేకూ కాదు, వేపా కాదు, రైలు పట్టా. చింతామణి మీదుగా పోయే చిన్న రైలు నిలిచిపోయి, పట్టాలు పొదల్లో పడి ఉన్నప్పుడు ఊళ్లో తలా ఒక ముక్క తెచ్చుకున్నారు. ఒకరు గొడ్లు కట్టే గూటం చేసుకున్నారు, ఒకరు బావి గిలకకు వాడుకున్నారు. పిళ్ళప్ప ఏకంగా మిద్దెనే దాని మీద నిలబెట్టాడు.

ఇప్పుడు అదే దారిన పెద్ద రైలు వేస్తున్నారు. పాత ఇనుమంతా ఏరుకునే కంట్రాక్టు ఎవరికో దొరికింది. వాళ్ల సూపర్‌వైజరు నందీశ్ అని చిక్కబళ్ళాపురం వాడు, ఇల్లిల్లూ దూరి చూస్తున్నాడు. పక్క వీధి రామాంజినప్ప గూటాన్ని పెరికి లారీలో వేశాడట, ఆయన ఎద్దు వీధిలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతోంది.

పిళ్ళప్ప లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. గడప దాకా పోయి తొంగిచూసి వచ్చాడు. దూలానికి గోనెపట్టా చుడదామంటే ఉన్నవి చాలవు. సున్నం కొడదామంటే ఇప్పట్లో ఆరదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, కట్టె దూలం ఎక్కించుకునే దాకా గడువు అడగమని భార్య అక్కమ్మ చెప్పింది. కానీ నిజం చెప్పి బతిమాలడం పిళ్ళప్ప పుట్టి బుద్ధెరిగి చేసిన పని కాదు. దేవుని గూట్లోంచి పసుపు డబ్బా తీసుకొని నిచ్చెన ఎక్కాడు.

నందీశ్ గడప దాటేసరికి దూలం నిండా పసుపు, నడిమిన అరచేతి వెడల్పు కుంకుమ, రెండు పక్కలా వేపమండలు. కింద పిళ్ళప్ప కళ్లు మూసుకొని ఊదుబత్తి తిప్పుతున్నాడు.

"ఏమప్పా, ఇది రైలు పట్టా కదా?"

"చెప్పులు ఇడిసి మాట్లాడు నాయనా. పట్టా అని నువ్వంటాండావు. రైలమ్మ అని మేమంటాము."

నందీశ్ వెనక్కి నడిచిపోయి చెప్పులు విడిచాడు. ఆ పక్క ఊళ్లలో పసుపు పూసి బొట్టు పెట్టిన రాయి అడ్డమొస్తే రోడ్డు వేసేవాళ్లు సైతం రోడ్డునే ఒంపు తిప్పుతారు. వెంట వచ్చిన లారీ మనుషులు బయటనే చేతులు జోడించేశారు.

నందీశ్ నేల మీద చతికిలబడి తన గోడు వెళ్లబోసుకున్నాడు. చెరువు పక్క కొత్త లైను పని ముందుకు సాగడం లేదట. జేసీబీ గుంతలోకి దొర్లిందట. కూలీలకు జ్వరాలట. ఈ అమ్మకు మహిమ ఏమైనా ఉందా అని అడిగాడు.

పిళ్ళప్పకు ఊపొచ్చింది. చిన్న రైలు ఎత్తు ఎక్కలేక ఉస్సురుమని నిలబడితే డ్రైవరు దిగి ఈ పట్టాకే టెంకాయ కొట్టేవాడన్నాడు. ఆ తరువాత రైలు ఎంత జోరుగా పోయేదంటే, దాని పొగ ఇంకా వెనక స్టేషన్లో ఉండగానే అది చింతామణి చేరిపోయేదన్నాడు. అక్కమ్మ వెనక నుంచి పంచె అంచు పట్టి లాగి, ఇంక చాలు, సుమ్మనుండమని గొణిగింది. పిళ్ళప్ప అంచు విడిపించుకున్నాడు.

"అంత మహిమ ఉండే అమ్మ మీ ఇంట్లో యాల ఉండాది?" అన్నాడు నందీశ్.

పిళ్ళప్ప గొంతు బొంగురు చేసుకున్నాడు. "రైలు నిలిచిపోయినాక దిక్కులేక మా ఇంటికి వచ్చిందప్పా. శుక్రవారమొస్తే కలలో ఏడుస్తాది. రైలు మళ్లా యెప్పుడొస్తాది పిళ్ళప్పా, నన్ను నా దోవకి యెప్పుడు పంపిస్తావు అని."

నందీశ్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. సాష్టాంగపడి లేచి, గ్యాసు బండిని లారీ ఎక్కించేయమని మనుషులకు చెప్పి వెళ్లిపోయాడు. పిళ్ళప్ప సంగటి మళ్లీ వడ్డించుకొని, ఆడదాని మాట విని ఉంటే ఈపాటికి ఆకాశం కింద తింటూ ఉండేవాళ్లమని అక్కమ్మను దెప్పాడు. అయినా ఆయన మనసు కుదురుకోలేదు. వీధిలో లారీ హారన్ మోగినప్పుడల్లా కంచం వదిలి గడప దగ్గరికి పోతూనే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున తప్పెట్లు మోగాయి. పిళ్ళప్ప బయటికి ఉరికాడు. ముందు నందీశ్, తలస్నానం చేసి, నొసటన కుంకుమతో. వెనక కూలీలు టెంకాయల గంపలతో. వాళ్ల వెనక రామాంజినప్పతో సహా ఊరంతా. అన్నిటికన్నా వెనక, మామిడి తోరణాలు, అరటి పిలకలు కట్టిన పెద్ద బండి ఒకటి వీధి నిండా వస్తోంది. పిళ్ళప్ప ఛాతీ ఉబ్బింది. చూస్తివా అన్నట్టు అక్కమ్మ వైపు తిరిగి, హారతి పళ్లెం తెమ్మన్నాడు. దండ వేయించుకునేందుకు తల కూడా కాస్త వంచాడు.

దండ ఆయన మెడలో పడలేదు. నందీశ్ దాన్ని రెండు చేతులా పట్టుకొని, దూలం వైపు చూస్తూ గడప దగ్గరే నిలబడ్డాడు.

"అదంతా సరే గానీ నందీశప్పా," అన్నాడు పిళ్ళప్ప నవ్వుతూనే, "పూజకు క్రేను యాలప్పా?"

"అమ్మను ఆమె దోవకి పంపించేకే కదప్పా. కొత్త లైను పక్కన గుడికి అరుగు కూడా కట్టినాము. మీరు సామాన్లు బయట పెట్టుకోండి. పైన బండలు దించేసి, అమ్మ మీద ఒక గాటు కూడా పడకుండా ఎత్తుకొని పోతాము."