జత విడదీయబడదు

ఉన్నది ఒక్క జత. వచ్చినవాళ్లు ఇద్దరు.

తప్పంతా వాల్టర్ పొపోఫ్ దంపతులదే. ముప్పై ఏళ్లుగా ఆ కొండ ఊళ్లో స్కీ బూట్లు అమ్ముతున్నారు, ఇంత పరువు తక్కువ పని ఎన్నడూ చేయలేదు. నిన్న ఫోన్లో ఒకామె వాల్టర్‌ని అడిగింది: పందెం బూట్లు, ఇరవై ఐదు సైజు, ఎడమ చీలమండ దగ్గర వేడిచేసి కాస్త సాగదీయండి, రేపు మూడింటికి వస్తాను. అతను చీటీ రాశాడు. కాసేపటికి భార్య డాలీ ఇంకో ఫోన్ ఎత్తింది. అవే బూట్లు, అదే సైజు, అవే మూడు గంటలు. కుడి చిటికెన వేలి దగ్గర సాగదీయాలట. ఆవిడే మళ్లీ చేసిందనుకుని డాలీ ఆ ముక్క కూడా అదే చీటీ మీద గీకి ఊరుకుంది. చీటీలో ఉన్నట్టే వాల్టర్ ఎడమదీ కుడిదీ ముచ్చటగా సాగదీసి పెట్టాడు.

ఇప్పుడు ఎడమ బూటు మార్నీ చేతిలో ఉంది. కుడి బూటు జోసెట్ చేతిలో ఉంది. ఇద్దరూ వదలరు.

మార్నీకి నలభై దాటాయి. కాల్గరీ నుంచి కారేసుకుని వచ్చింది. జోసెట్ పాతికేళ్ల పిల్ల. క్యూబెక్ నుంచి నిన్న విమానంలో తను దిగింది కానీ, బూట్లున్న సంచీ దిగలేదు. ఇద్దరూ కాస్త కుంటుతూనే లోపలికొచ్చారు. ఆ ఊళ్లో అదేం వింత కాదు, వాల్టర్‌కే రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. రేపు పొద్దున తొమ్మిదింటికి కొండ మీద జట్టు ఎంపిక పందెం. ఏ జట్టని అతను అడగలేదు. ఈ నెలలో ఏదో ఒక పందెం లేని రోజంటూ ఉంటేగా!

"పెద్దాయనా, నా బూటు మొన్న నిలువునా పగిలింది. ఈసారి జట్టులోకి రాకపోతే మళ్లీ నన్ను పిలిచే నాథుడుండడు," అంది మార్నీ.

"నాకు మాత్రం పిలుపులు వరస కట్టాయా? నేను ఫోన్ చేసి మరీ చెప్పాను," అంది జోసెట్.

"నేనూ చేశాను తల్లీ. నీకంటే ముందే చేశాను."

"పోనీ, అవతలి ఊళ్లో కొట్టుకి..." అని నసిగాడు వాల్టర్.

"కనుమ మీద మంచు విరిగిపడింది. రేపు మధ్యాహ్నం దాకా దారి తెరవరు," అంది డాలీ. ఆమెది ఒకే పలక మీద నిలబడి జారే స్నోబోర్డు పార్టీ, అతనిది స్కీ పార్టీ. మొగుడూ పెళ్లాల మధ్య ఏళ్ల తరబడి అదే తగువు. సందు దొరికింది కదా అని అలమరలోంచి ఓ మెత్తటి జత లాగింది. "ఆ ప్లాస్టిక్ డబ్బాల్లో కాళ్లు కుక్కుకోవడం ఎందుకు చెప్పండి? ఇవి చూడండి, ఇంట్లో తొడుక్కునే జోళ్లలా ఉంటాయి. మెట్లెక్కొచ్చు, కాఫీకి వెళ్లొచ్చు. రేపు బోర్డు పందెం కూడా ఉందిగా, ఒకరు అందులోకి మారిపోండి."

వాల్టర్ ఊరుకోలేకపోయాడు. "గట్టి బూటయితే మోకాలి కింది ముందెముక ఇలా ఆనిస్తే చాలు, స్కీ తిరుగుతుంది. నీ మెత్త బూటు ముందు వంగాలి, తర్వాత ఆలోచించాలి, అప్పుడు తిరగాలి!"

"సాయంత్రానికి కాళ్లు పట్టుకుని ఏడ్చేది మాత్రం నీ బూట్లవాళ్లే."

"రెండు కాళ్లూ తీసుకెళ్లి ఒకే పలకకి కట్టేసుకోవడమా?" అంది జోసెట్. "ఆ యోగం నాకు లేదులెండి."

మార్నీ ఫక్కున నవ్వింది. "నాకూ లేదు," అని మళ్లీ మూతి బిగించింది.

వాల్టర్ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇంక మీ కాళ్లే తేల్చాలి. తొడిగి చూడండి."

ఇద్దరూ చెరో బెంచీ మీద, వీపులు తిప్పుకుని కూర్చున్నారు. ఒక కాలి జోడు మాత్రమే విప్పి, చేతిలో ఉన్న బూటు తొడిగారు. లేచి నిటారుగా నిలబడ్డారు. వేళ్లు బూటు కొసకి తగిలాయి. మోకాలు వంచారు. వేళ్లు వెనక్కి జరిగాయి. మార్నీ చీలమండ ఒరిపిడి లేకుండా ఇమిడిపోయింది. జోసెట్ చిటికెన వేలు హాయిగా కదిలింది. ఇంతకంటే బాగా ఏ బూటూ పట్టదు. వేరే రోజయితే వాల్టర్ తన భుజం తానే తట్టుకునేవాడు. ఇవాళ తల పట్టుకున్నాడు.

"సరే, మార్చుకోండి. రెండో కాలు చూద్దాం."

ఇద్దరూ కదల్లేదు.

"నాకిది పట్టింది. చాలు," అంది మార్నీ.

"నాకూ ఇది చాలు."

"అదేమిటమ్మా! రెండు కాళ్లూ ఒకలా ఉండవు. రెండిటికీ పట్టినవాళ్లదే జత."

"ముందు ఆవిడని విప్పమనండి," అంది జోసెట్.

"నేను చస్తే విప్పను!"

మార్నీ మొహం పాలిపోయింది. జోసెట్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తొమ్మిదింటి పందెం ఇద్దరికీ చేజారిపోయేలా ఉంది. చూస్తుంటే వాల్టర్‌కి జాలేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. గోడ మీద తన తండ్రి రాయించిన బోర్డు కేసి వేలు చూపించాడు: జత విడదీయబడదు.

"ఒంటి బూటు అమ్మే కొట్టు కాదిది! రెండో కాలు బయటపెడతారా, జత లోపల పెట్టెయ్యమంటారా?"

ఇక దాచి లాభం లేదనుకున్నారేమో, ఇద్దరూ ఒకేసారి వంగారు.

మార్నీ కుడివైపు పాంటు, జోసెట్ ఎడమవైపు పాంటు మోకాలి దాకా పైకి లాగారు, ఆ రెండు చోట్లా కాలు లేదు, ఉక్కు కడ్డీ ఉంది.