మూత తీసిన కెమెరా

"వెనక మూత తీసేశారా?" లెన్సు తుడుస్తున్న షాపావిడ చెయ్యి ఆగిపోయింది.

"తీశానమ్మా," అన్నాడు దర్జీ, నేరం ఒప్పుకుంటున్నవాడిలా. మెడలో టేపు కూడా తీయకుండా పరిగెత్తుకొచ్చాడు. "ఫోటో పడిందో లేదో చూద్దామని."

బల్ల ముందు మూగిన కాలేజీ పిల్లలు ఘొల్లున నవ్వారు. వాళ్ళందరి మెడల్లోనూ తలో కెమెరా వేలాడుతోంది. మొన్నమొన్నటి దాకా సొరుగుల్లో పడి దుమ్ము కొట్టుకుపోయిన ప్లాస్టిక్ డబ్బాలవి. ఎవరో సినిమా తార చేతిలో ఒకటి కనిపించిందట, అంతే, జనం ఎగబడ్డారు. ఫోకస్ తిప్పక్కర్లేదు, వెలుతురు లెక్కలు అక్కర్లేదు, కంటికి ఆనించి మీట నొక్కడమే. ఆ మాత్రం దానికే ఆ పిల్లలు వాటిని చంటిబిడ్డల్లా సాకుతున్నారు.

"రీలుకి వెలుతురు తగిలితే పోయినట్టే అంకుల్," అంది ఉంగరాల జుట్టమ్మాయి జాలిగా. "ఎన్ని తీశారేంటి?"

"ఒక్కటే."

"అంత రీలుకీ ఒక్కటేనా?"

"ఆ ఒక్కటీ పడిందో లేదో తేలాలమ్మా. బాగుండక్కర్లేదు. ఉంటే చాలు."

షాపావిడకు అతను బాగానే గుర్తున్నాడు. కిందటి నెల వచ్చినప్పుడు అందరిలా వీడియోల్లో చూసిన మోడల్ అడగలేదు. వరసపెట్టి ప్రతి కెమెరా మీటా నొక్కి, చప్పుడు విని, ఆఖరికి గట్టిగా టక్కుమనేదాన్ని ఏరుకున్నాడు. ఫోన్‌లో తీసుకోవచ్చుగా అని ఆమె అడిగితే, "ఫోను తగిలితే చాలు, తీసేస్తుందమ్మా. దీన్నైతే నొక్కాలి," అన్నాడు. ఆ పూట అక్కడే ఉన్న ఉంగరాల జుట్టమ్మాయి ఆ మాటకు ముచ్చటపడిపోయి తన ఫోటోల కింద రాసుకుంది. ఇప్పుడీ కుర్రకారు నోట ఎప్పుడు చూసినా అదే మంత్రం.

"ఇంతకీ ఏం జరిగింది బాబాయ్ గారూ?" అని అడిగింది షాపావిడ.

"నేను మిషను తొక్కుతున్నాను. పక్కన టక్కుమన్నట్టు అనిపించింది. మా ఆవిడేమో తనే నొక్కానంటుంది. నేను నమ్మలేదు."

"పందెం కాశారా?"

"అలాంటిదే అనుకో."

"పెళ్ళాం మాట నమ్మకపోతే ఇలాగే అవుతుంది," అందామె. పిల్లలు మళ్ళీ నవ్వారు. దర్జీ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"ఒక్క మాట చెప్పమ్మా. ఈ మీట దానంతటదే నొక్కుకుపోయే అవకాశం ఉందా? మీదేదైనా బరువు ఆనితే?"

"ఈ మొండిదా? వేలు పెట్టి కిందికంటా నొక్కితే తప్ప పడదు. ఏరికోరి తీసుకున్నది మీరే కదా."

"ఎన్ని తీశామో చెప్పే అంకె ఒకటి ఉంటుందన్నావుగా?"

"మూత తీయగానే అది చెరిగిపోతుంది."

అతని మొహం పాలిపోయింది. టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. అది చూసి వేళాకోళం చేసినందుకు ఆమెకు మనసు చివుక్కుమంది. కెమెరా అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అప్పుడే దిగులు పడకండి. ఈ రకం కాస్త తిరకాసుది. రీలు వేయగానే మొత్తం బయటికి లాగి చుట్టేసుకుంటుంది. ఆ తర్వాత ఒక్కో ఫోటో తీసేకొద్దీ దాన్ని మళ్ళీ రీలు డబ్బాలోకి లాగేస్తుంది. మూత తీస్తే మాడిపోయేది ఖాళీ రీలే. ఫోటో అంటూ పడితే, అది డబ్బాలో చల్లగా ఉన్నట్టే."

పిల్లలు చప్పున ఎవరి కెమెరా వాళ్ళు కళ్ళ ముందుకు తెచ్చుకున్నారు. మెడలో వేసుకు తిరుగుతున్నది ఇంత గడుసుదని వాళ్ళకూ తెలియదు.

ఆమె రీలు తీసుకుని వెనక చీకటిగదిలోకి వెళ్ళింది. కూర్చోమని పిల్లలు స్టూలు జరిపినా దర్జీ కూర్చోలేదు. ఆ తలుపు వంకే చూస్తున్నాడు. ఏమనుకున్నారో ఏమో, పిల్లలు కూడా గొంతులు తగ్గించారు.

చివరికి తడి రీలు పట్టుకుని ఆమె బయటికి వచ్చి, కిటికీ ముందు ఎత్తి చూపించింది. ఈ కొస నుంచి అంతా బొగ్గులా నల్లగా మాడిపోయింది. అట్టడుగున, ఆ కొసన మాత్రం ఒక్క గడి తేటగా ఉంది.

"ఉంది," అంది షాపావిడ.

కంప్యూటర్ తెర మీద బొమ్మ మెల్లగా విచ్చుకుంది. గది మొత్తం ఒక పక్కకి ఒరిగింది. కింద సగం దుప్పటి మడతే అడ్డం. ఆపైన కిటికీ, కిటికీలోంచి పడుతున్న పొద్దుటి ఎండ, ఆ ఎండలో మిషను మీదికి వంగిన దర్జీ. కెమెరా లోపలికి వెలుతురు వచ్చింది రెప్పపాటు సేపే. అంతలోనే గాలిలో ఎగిరే దారప్పోగును కూడా వదలకుండా పట్టేసింది.

"అసలు ఎంత కింది నుంచి తీశారో చూడు," అంది ఉంగరాల జుట్టమ్మాయి గుసగుసగా. "ఆ దుప్పటి అలా అడ్డం పెట్టాలని తోచడం మామూలు బుర్ర కాదు. ఆంటీ దగ్గర నేర్చుకోవాలి."

దర్జీ చెవికి ఆ మాటలేవీ ఎక్కడం లేదు. "నా చేతులు కాస్త పెద్దవి చేసి చూపించమ్మా," అన్నాడు.

షాపావిడ చూపించింది. ఒక చెయ్యి చక్రం మీద, ఇంకోటి గుడ్డ మీద.

"రెండూ మిషను మీదే ఉన్నాయి కదా?"

"రెండూ మిషను మీదే."

"ఇంట్లో ఉండేది మేమిద్దరమే," అన్నాడు తనలో తను. తర్వాత స్టూలు మీద కూలబడి, మెడలోని టేపుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపులోంచే నవ్వు పొంగుకొస్తోంది.

"పందెం ఓడిపోయి ఇంత సంబరమేంటి బాబాయ్ గారూ?"

"ఆవిడ చెయ్యి కదిలి ఏడాదైందమ్మా."