వద్దన్న మనిషి

"ఆ నోవాక్ కుర్రాణ్ణి మీరు తీసుకోవద్దు సార్."

హార్లన్ తలెత్తి చూశాడు. అడగనైనా అడగకుండా ఎదురు కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. నెత్తిన మాసిన టోపీ, చేతిలో కాఫీ కప్పు.

హార్లన్‌కి ఒళ్ళు మండింది.

పొద్దున్నుంచీ నెబ్రాస్కా గాలికి ఎదురు నిలబడి, కాలేజీ మైదానంలో ట్రెవిస్ నోవాక్ బంతులు విసురుతుంటే చూసి చూసి మెడ పట్టేసింది. ఈ ఊళ్ళో మంగలి దగ్గర్నుంచి పాస్టర్ దాకా ఆ కుర్రాణ్ణి పొగిడి పొగిడి చెవులు చిల్లులు పడేలా చేశారు. ఓ యాపిల్ కేకు ముక్క తిని ప్రశాంతంగా పోదామని హోటల్లోకి వస్తే, ఇప్పుడు తిట్టేవాడొకడు దాపురించాడు.

"నేనెవరో నీకెలా తెలుసు?"

"మీ కోటు మీద జట్టు బొమ్మ ఉందిగా. మెడలో స్టాప్‌వాచ్ కూడా ఉంది."

నెలాఖరులో డ్రాఫ్ట్. ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఏరుకునే రోజు. బంతి విసిరి ఆటంతా నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఒక్కడు సరైనవాడు దొరికితే జట్టు రాతే మారిపోతుంది. ఆ ఒక్కణ్ణీ వెతికిపెట్టడమే హార్లన్ ఉద్యోగం.

డ్రాఫ్ట్ దగ్గరపడితే ఎవరి నోటా నిజం రాదు. తనకు కావలసిన కుర్రాడు పనికిరాడని ప్రతి జట్టూ పుకారు పుట్టిస్తుంది. మిగతావాళ్ళు నమ్మి వదిలేస్తే తన వంతు దాకా మిగులుతాడని ఆశ.

నిరుడు హార్లన్ అలాంటి పుకారే నమ్మి ఒకణ్ణి వదిలేశాడు. వాడిప్పుడు వేరే జట్టులో చెలరేగిపోతున్నాడు. మేనేజర్ ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నాడు. ఇంకొక్క తప్పు జరిగితే ఉద్యోగం ఊడినట్టే.

"సరే, ఎందుకు తీసుకోవద్దో చెప్పు," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"చేతిలో బలం లేదు."

"ఇందాకే మైదానం ఆ చివరికి విసిరాడు. నా కళ్ళతో చూశాను."

"ఎడమవైపు సరిగ్గా విసరలేడు."

"ఎడమవైపే బాగా విసిరాడు! ఇంకా?"

ఆయన కప్పును అటూ ఇటూ తిప్పాడు. గొంతు తగ్గించాడు.

"తలకి దెబ్బలు తగిలాయి సార్. ఒక్కసారి కాదు. ఇప్పుడేదీ గుర్తుండటం లేదు వాడికి."

"గుర్తుండకపోవడమేంటి? నిన్న నా ముందే బోర్డు మీద ఆట ఎత్తులన్నీ గీసి చూపించాడు."

"అవి ఎప్పుడో నేర్చుకున్నవి. పొద్దున ఏం తిన్నాడో అడగండి."

"వాడేం తింటే నాకెందుకయ్యా! డాక్టర్లు చూశారు. స్కాన్లు తీశారు. అంతా బాగుందన్నారు."

"డాక్టర్లకి అబద్ధం చెప్పాడు. తలనొప్పే లేదన్నాడు."

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఊళ్ళో ఇంకెవరికైనా తెలుసా?"

"నాకొక్కడికే."

"అసలు నువ్వెవరు?"

ఆయన టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"అది అడక్కండి సార్. నేను చెప్పానని వాడికి తెలియకూడదు."

హార్లన్‌కి విషయమంతా అర్థమైపోయింది. అర్థమైందనే అనుకున్నాడు.

"ఏ జట్టు పంపింది నిన్ను? మా తర్వాత వంతు వాళ్ళేగా?"

"నన్నెవరూ పంపలేదు సార్. మీకు పుణ్యముంటుంది, వాణ్ణి వదిలెయ్యండి."

"బాగానే నటిస్తున్నావు. నిన్ను పంపినవాళ్ళకి చెప్పు, హార్లన్ చెవిలో ఏటా పువ్వు పెట్టడం కుదరదని."

తింటున్న ముక్కను అలాగే వదిలేసి బయటికొచ్చాడు. కారులో కూర్చోగానే మేనేజర్‌కి ఫోన్ చేశాడు.

"నోవాక్‌ని మన మొదటి వంతులోనే లాగేద్దాం. వాడి మీద పుకారు పుట్టించడానికి ఎవరో ఏకంగా మనిషినే పెట్టారు. వాడెంత విలువైనవాడో నువ్వే ఆలోచించు."

"ఇంట్లోవాళ్ళతో మాట్లాడావా? నిరుటిలా నన్ను ముంచకు."

"తల్లితో మాట్లాడాను, బంగారంలాంటి మనిషి. భర్తతో విడిపోయి చాలా కాలమైందట. కుర్రాడూ మంచివాడే. కాస్త కంగారెక్కువ, అంతే. మాట్లాడుతూ మాట్లాడుతూ నా పేరు రెండోసారి అడిగాడు."

మేనేజర్ పగలబడి నవ్వాడు.

"నీ పేరు ఎవరికి గుర్తుంటుందిలే!"

డ్రాఫ్ట్ రోజు వచ్చింది. జట్టు గదిలో అందరూ టీవీ ముందు చేరారు. తమ వంతు రాగానే నోవాక్ పేరు పంపించారు. కుర్రాడికి ఫోన్ చేసి చెప్పే గౌరవం హార్లన్‌కే ఇచ్చాడు మేనేజర్. ఏడాదిగా తిన్న దెప్పులన్నీ ఆ ఒక్క క్షణంలో తీరిపోయాయి.

"ట్రెవిస్! ఇక నువ్వు మావాడివి!"

"చాలా థాంక్స్ సార్! మీ నమ్మకం నిలబెడతాను. ఇంతకీ మీ పేరేంటి సార్?"

హార్లన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"హార్లన్‌ని. మైదానంలో నీ పక్కనే ఉన్నానుగా."

"అవునా సార్? మనం కలిశామా?"

టీవీలో కుర్రాడి ఇల్లు చూపిస్తున్నారు. ఇంటినిండా జనం. కేకలు, గంతులు. తల్లి కొడుకు మెడ చుట్టేసుకుంది.

వాళ్ళ వెనక, గోడవారగా ఒక్క మనిషి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. మాసిన టోపీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కుర్రాడు తల్లిని వదిలించుకుని వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన మొహం ఎత్తాడు.

ఆ రోజు హోటల్లో హార్లన్ ఎదురు కుర్చీలో కూర్చున్న మొహమే అది.

"అటు చూడండి," అంటున్నాడు టీవీలో వ్యాఖ్యాత, "కొడుకు గెలుపు చూసి ఆనందం పట్టలేక ఆ తండ్రి ఎలా ఏడుస్తున్నాడో!"