మిగతా ఏడు దారాలు

తుమ్మకొమ్మల మధ్య ఒక ముసలి సాలెపురుగు గూడు అల్లుకుంది. నడుమ కూర్చుని ఎనిమిది కాళ్లూ ఎనిమిది దారాల మీద ఆనించేది. ఏ దారం కదిలితే అటు వెళ్లి, చిక్కిన ఈగను చుట్టేసి, తినకుండానే మళ్లీ నడుమకి వచ్చేసేది.

పక్క గూటి పడుచు సాలెపురుగు నవ్వింది. "ఏం పెద్దమ్మా, నోటికాడి కూడు వదిలేసి వస్తావేం?"

"అదెక్కడికీ పోదులే. నేనక్కడ కూర్చుంటే మిగతా ఏడు దారాలు ఎవరు చూస్తారే?"

ఆ మధ్యాహ్నం పడుచుదాని గూటి అంచున లావుపాటి ఈగ చిక్కింది. పడుచుది అక్కడే కూర్చుని దాన్ని తినసాగింది. ఈగ రుచిగానే ఉంది. ఇంతలో అవతలి అంచున ఒక దారం వణికింది. దాని మీద కాలు లేదు. సాలెపురుగుల్ని ఎత్తుకుపోయే కందిరీగ వాలింది అక్కడే.

సాయంత్రం ఆ గూట్లో సగం తిన్న ఈగ ఎక్కడికీ పోకుండా అలాగే ఉంది.