పది దీపాల తాబేలు

"మళ్లీ ఆ తాబేలేనా!"

ఆమె ఆఖరి కార్డు బల్ల మీద వేసి ఆట ముగించింది. ఎదురుగా కూర్చున్న భర్త, చేతిలో మిగిలిపోయిన ఒకే ఒక్క కార్డును గర్వంగా తిప్పి చూపించారు. కొండంత తాబేలు, దాని వీపు మీద ఒక ఊరు, ఊరి మీద పొగ గొట్టాలు.

"ఇంకో మూడు వంతులు ఆగి ఉంటే దిగేదోయ్," అన్నారు.

"మాస్టారూ, మీరు బళ్లో చెప్పేది లెక్కలేనా? వంతుకొక దీపం వెలుగుతుంది. ఏడో వంతుకల్లా ఆట అయిపోతుంది. మీ తాబేలు దిగాలంటే పది దీపాలు కావాలి. ఎప్పటికి దిగుతుంది?"

"ఏం చేయను, వదలబుద్ధి కాదు," అంటూ ఆయన లేచి వంటింట్లోకి నడిచారు. చొక్కా చేతులు అప్పటికే మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. కుస్తీకి దిగేవాడిలా ఆటకు కూర్చునే ముందే మడుచుకోవడం ఆయనకు అలవాటు. ఓడినవాళ్లు గిన్నెలు తోమాలన్నది ఆ ఇంటి పందెం. పెట్టింది ఆయనే. పాపం, ఏడాదిన్నరగా తోముతున్నదీ ఆయనే.

మర్నాడు ఆఫీసులో పెద్దాయన ఆమెను పిలిచారు. ఆ కార్డులు తయారయ్యేది అక్కడే. కొత్త కార్డులకు నియమాలు రాయడం, ఆడి చూసి తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఎదుటివాళ్లు కావాలని ఒక్క కార్డు తప్పు వేసినా ఇట్టే పట్టేస్తుంది.

"డబ్బా మీద తాబేలు, గోడ మీద తాబేలు, పిల్లల సంచుల మీద తాబేలు. ఆటలో మాత్రం ఎక్కడా కనబడదు," అన్నారు పెద్దాయన. "నెల రోజులు ఇస్తున్నా. దాన్ని ఆడించావా, సరే. లేదంటే ఆట నుంచే తీసేద్దాం."

తీసేస్తే ఇంట్లో ఆ మనిషి ఏమైపోతారు? ఆ తాబేలుతో ఆయన ఒక్కసారైనా గెలవగా చూడాలని ఆమెకు ఎంత ఆశో!

"నేనూ ఓ చెయ్యి వెయ్యనా?" అన్నాడు పక్క సీటతను.

"నా వంతు పని నాకు వదిలెయ్యి బాబూ," అంది.

ఆమె తత్వమే అంత. ఒకప్పుడు సబ్బునీళ్లు పడక వేళ్లు పగిలి రక్తం కారుతున్నా, తన వంతు పని మాస్టారు అందుకోబోతే రెండు రోజులు మాట్లాడలేదు. అదృష్టం కొద్దీ డాక్టరిచ్చిన మందు బాగా పనిచేసింది. మళ్లీ ఒక్క పగులు వస్తే ఒట్టు.

తాబేలు మాత్రం లొంగలేదు. పదిని ఆరు చేద్దామంటే, జనం ఇళ్లలో ఉన్న కార్డులన్నిటి మీదా పది అనే అచ్చయి ఉంది. పడవ కార్డు ఎక్కించి దీపాలతో పని లేకుండా తెద్దామంటే, అది రెండో వంతులోనే వచ్చి ఎదుటివాణ్ని తొక్కేసింది. పెన్సిలుతో రాసిన నమూనా కార్డులతో చెత్తబుట్ట మూడుసార్లు నిండింది.

నాలుగో వారంలో ఒక సాయంత్రం మాస్టారు మామూలుగానే ఓడిపోయి, మామూలుగానే తాబేలును తిప్పి చూపించారు. "వచ్చేస్తోందోయ్, కాస్తలో తప్పిపోయింది."

ఆమె చటుక్కున పెన్సిలు అందుకుంది. చేతిలో ఇరుక్కుపోవడమే కదా దాని జబ్బు! ఇరుక్కున్నదాన్ని చూపించి గొప్పలు పోయినందుకే ఒక దీపం ఇస్తే?

అలా పుట్టింది 'చాటింపు' అనే కార్డు. చేతిలోని తాబేలును ఎదుటివాళ్లకు చూపించి "వస్తోంది!" అని అరవాలి. అరిచిన ప్రతి వంతుకూ ఒక దీపం అదనం. మూడో వంతులో అరవడం మొదలుపెడితే ఆరో వంతుకు సరిగ్గా పది. ఆఫీసంతా అరుపులతో దద్దరిల్లింది. పెద్దాయన కూడా బల్ల ఎక్కినంత పని చేశారు.

అచ్చయిన మొదటి చాటింపు కార్డును ఆమె మాస్టారి కట్టలో పెట్టింది. మూడో వంతులో అది ఆయన చేతికొచ్చింది.

"ఇదేమిటి?"

"మీ కోసమే. అరవండి!"

"వస్తోంది..." అన్నారు మాస్టారు నీరసంగా.

"గట్టిగా మాస్టారూ!"

ఆరో వంతులో తాబేలు దిగింది. ఆమె చిత్తుగా ఓడిపోయి ఎగిరి గంతేసింది. మాస్టారు తెల్లమొహం వేసుకుని బల్లకేసి చూస్తూ ఉండిపోయారు. పట్టలేని సంతోషంతో ఆయనకు నోట మాట రావడం లేదనుకుని ఆమె మురిసిపోయింది.

ఆమె పాట పాడుకుంటూ గిన్నెలు తోముతుంటే ఆయన కాలుకాలిన పిల్లిలా వంటింటి చుట్టూ తిరిగారు.

"కనీసం ఆ పెద్ద గిన్నె ఇటు ఇవ్వవోయ్."

"పందెం పందెమే. నేను ఓడాను, నేనే తోమాలి."

నాలుగు రోజులు వరసగా తాబేలే గెలిచింది. ఐదో రోజుకు ఆమె చూపుడువేలు పగిలింది. "ఆ మందు పాతబడిందేమో మాస్టారూ, కొత్తది తేవాలి," అంది.

ఆ సాయంత్రం ఆటకు కూర్చుంటే ఆయన కట్టలో తాబేలు లేదు, చాటింపు లేదు. పైన మంచు గుర్రం ఉంది.

"మంచు గుర్రమా! బొమ్మ బాగుంటుందనే గానీ, దాన్ని ఎవరూ ఆడరు. దాడికి దిగేలోపే కరిగిపోతుంది."

"తెలుసు."

"మరి మీ తాబేలు? ప్రాణం కదా?"

"ఇప్పుడు ఇది నచ్చింది."

"అయితే దీని సంగతి కూడా చూస్తాను," అంటూ ఆమె పెన్సిలు అందుకోబోయింది.

మాస్టారు చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, గుర్రం మీద అరచెయ్యి అడ్డం పెట్టారు.

"దీన్ని మాత్రం బాగుచెయ్యకు."