పునుగుల పొట్లం

కృష్ణ పొంగి కొల్లూరు లంకలు మునిగిన ఏడాది అది. వరదప్పుడు మతి చెదిరిన మా అబ్బాయి జమీర్, రెండు నెలలు మందులు వాడి కుదుటపడ్డాడు. రేపల్లెలో నా పునుగుల బండి దగ్గర కూర్చుని పొట్లాలకు పాత పేపర్లు చింపుతున్నాడు.

ఒక కాగితం దగ్గర చెయ్యి ఆగింది. అందులో వాడి ఫొటో. పైన పెద్ద అక్షరాలతో 'ఉన్మాది వీరంగం' అని ఉంది.

"నేనెవర్నీ కొట్టలేదుగా నాన్నా? నీళ్లొస్తున్నాయి, లేవండని తలుపులు బాదాను. అంతేగా?"

"అంతేరా."

పునుగుల కోసం రోజూ వచ్చే చౌడయ్య, తన వెంట వచ్చిన మనవణ్ణి పక్కకు లాక్కున్నాడు.

"పేపరోళ్లు ఊరికే రాస్తారా భాయ్? వాణ్ణి ఇంట్లో ఉంచు."

"వాడికి తగ్గిందయ్యా."

"తగ్గిందని పేపర్లో పడలేదుగా!" అంటూ పునుగులు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

జమీర్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"నువ్వు పొద్దున్నే పేపర్లో ఇట్టాంటి వార్తలు కూడబలుక్కుని చదివి, అందర్నీ నవ్వించేవాడివి గదా నాన్నా. ఆ వార్తల్లో వాళ్లు కూడా నాలాంటోళ్లేనా?"

బాండీలో వాయి మాడిపోయింది.

మర్నాడు పొద్దున బజారుకెళ్లి అరటాకులు కొని తెచ్చి, జమీర్ ముందు పెట్టాను.

"ఇవి చింపరా" అన్నాను.