సంపు దగ్గర పచ్చ లైటు

“ఎర్ర లైటు వెలుగుతుంటే నేను దిగనండీ. కావాలంటే రేపట్నించి పనిలోకి రావద్దనండి, మానేస్తాను,” అన్నాడు యేసుకుమార్, చేతిలోని స్పానరు కింద పడేసి.

మేనేజరు రామకోటేశ్వరరావుకి ఒళ్ళు మండిపోయింది. చల్లపల్లి రోడ్డులో ఉన్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో పొద్దుటినుంచీ మురుగునీటి సంపులో మోటారు తిరగడం లేదు. ట్యాంకరు తెప్పించి నీళ్ళయితే తోడేశారు గానీ, అడుగున మోకాలెత్తు బురదలో ఇరుక్కున్న మోటారును ఎవరో ఒకరు దిగి విడిపించాలి. అంతవరకు లోపల కుళాయి తిప్పడానికి లేదు. పది టన్నుల రొయ్య మీద మంచు కరిగిపోతోంది.

“గ్యాసు లేదయ్యా బాబూ! ఆ లైటుకే ఏదో రోగం వచ్చింది.”

“రోగం లైటుకో, సంపుకో తేలాలి కదండీ. పోనీ, గ్యాసు కొలిచే చేతిమీటరు తెప్పించండి.”

“అది సర్వీసుకి పంపి నెలైంది.”

“అయితే నేను దిగను.”

యేసుకుమార్ మొండివాడేం కాదు, భయపడవలసిన దానికే భయపడుతున్నాడు. రొయ్య తొక్కలు కుళ్ళితే పుట్టే విషవాయువు ముందు ముక్కును చంపి, తరువాత మనిషిని చంపుతుంది. వాసన పట్టి తెలుసుకుందామన్నా ఆ ఆవరణలో రొయ్య కంపు తప్ప మరో వాసన తెలిసి చావదు. అందుకే సంపులో గ్యాసు కొలిచే సెన్సరు వేలాడదీశారు. అది చెప్పే అంకె రెండు తీగల మీదుగా, రెండు వందల గజాల అవతల ఉన్న ప్యానెల్ గదికి చేరుతుంది. అంకె తక్కువగా ఉంటే సంపు పక్కన స్తంభానికి పచ్చ లైటు వెలుగుతుంది. ఎక్కువైనా, అసలు అంకే రాకపోయినా ఎర్ర లైటు. పచ్చ లైటు లేనిదే ఎవరూ దిగకూడదన్నది రూలు. ఆ రూలును నిజంగా పాటించే మనిషి ఫ్యాక్టరీ మొత్తం మీద యేసుకుమార్ ఒక్కడే.

సెన్సర్లు చూసే టెక్నీషియన్ బెన్నీ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. యేసుకుమార్ భార్య బ్లెస్సీకి స్వయానా తమ్ముడు.

“ఒరేయ్ బావమరిదీ, నీ యంత్రం సంగతేంటో చూడు. నాకేమన్నా అయితే మీ అక్క నిన్ను బతకనివ్వదు.”

“నువ్వు బాగున్నప్పుడే బతకనివ్వట్లేదు, కొత్తగా చేసేదేముందిలే బావా!”

“ఎంతసేపయ్యా?” అన్నాడు మేనేజరు.

“అరగంటండీ.”

“పావుగంటలో అవ్వాలి.”

“ఈలోగా నేను స్టోరుకెళ్ళి తాడూ గొలుసూ తెచ్చుకుంటా,” అన్నాడు యేసుకుమార్. “పచ్చ లైటు వెలిగిన నిమిషంలో దిగుతానండీ. మీరు చెప్పక్కర్లేదు.”

ప్యానెల్ గదిలో స్క్రీను మీద సంపు పేరుకు ఎదురుగా అంకె లేదు, గీతలున్నాయి. బెన్నీ లైను ఆపి కేబులుకు మీటరు పెట్టాడు. అరవై ఓములు. రెండు చివర్లా ఉండాల్సిన రెసిస్టర్లు ఉన్నాయి, మధ్యలో ఎక్కడా తెగలేదు. కేబులు మంచిదే. అయితే తప్పు సెన్సరుదే అయ్యుండాలి.

ఎనిమిదేళ్ళుగా అతడి పద్ధతి ఒకటే. దూరాన ఉన్నది పలకకపోతే, దాన్ని విప్పి తెచ్చి ఎదురుగా పెట్టుకుని, మూరెడు తీగతో నేరుగా ప్యానెలుకు కలిపి చూస్తాడు. అప్పుడూ పలకకపోతే రోగం దానిదే. పరుగున వెళ్ళి, పైనుంచే సెన్సరును లాగి విప్పుకొచ్చాడు. అప్పటికి యేసుకుమార్ స్టోరు నుంచి ఇంకా రాలేదు.

కలిపాడు. పలకలేదు. ప్యానెలు సెన్సరును గుర్తుపట్టే అడ్రసు నంబరు చూశాడు, సరిగానే ఉంది. అంకె పంపే స్పీడు చూశాడు, అదీ సరిగానే ఉంది. కుర్రాడెవరో తెచ్చిపెట్టిన టీ చల్లారిపోతోంది. ఫోను మోగింది.

“ఏమైందయ్యా? ఇక్కడ ఆడవాళ్ళంతా బల్లల ముందు ఖాళీగా కూర్చున్నారు!” అన్నాడు మేనేజరు.

“చూస్తున్నానండీ.”

“చూడ్డం కాదు, తేల్చు!”

చెమట కళ్ళలోకి కారుతోంది. చొక్కా చేతికి తుడుచుకుని సెన్సరు మూత విప్పాడు. పోయిన వారం సంపు కడిగినప్పుడు ఎవరో తీగలు ఊడదీసి మళ్ళీ బిగించారు. తెల్ల తీగ ఉండాల్సిన చోట నీలం, నీలం ఉండాల్సిన చోట తెలుపు. ప్లస్సూ మైనసూ తారుమారు. అలా బిగిస్తే సెన్సరు ఎంత చెప్పినా ఇవతల ప్యానెలుకు ఒక్క ముక్క అర్థం కాదు.

“దీని తస్సదియ్యా, ఇదా సంగతి!”

రెండు తీగలూ మార్చి బిగించాడు. గీతలు పోయి స్క్రీను మీద సున్నా పడింది. కళ్ళు ఆర్పకుండా నిమిషంపాటు చూశాడు. కదలని సున్నా. బెన్నీకి ప్రాణం లేచొచ్చింది. చల్లారిన టీని రెండు గుక్కల్లో తాగేశాడు. రిజిస్టరు తెరిచి, ‘తీగలు తారుమారు. సరిచేయడమైనది’ అని రాసి, టైము వేసి సంతకం పెట్టాడు. పావుగంటకు ఇంకా రెండు నిమిషాలుంది.

ఫోను మళ్ళీ మోగింది.

“శభాషయ్యా బెన్నీ, అన్న టైముకే చేశావు! మీ బావ మోటారుకి గొలుసు తగిలించాడో లేదో తెలియట్లేదు. పైనుంచి ఎంత పిలిచినా పలకడేం?”

“బావ ఎక్కడున్నాడండీ?”

“సంపులో. ఇంకెక్కడ?”

“ఎవరు దిగమన్నారండీ?”

“ఎవరో చెప్పేదేముందయ్యా? పచ్చ లైటు వెలిగింది, దిగాడు. నువ్వేగా వెలిగించింది!”

బెన్నీ ఫోను చెవికి ఆనించుకునే తల తిప్పాడు. బల్ల మీద, ఖాళీ టీ గ్లాసు పక్కన, సంపులో వేలాడాల్సిన సెన్సరు ప్యానెల్ గది గాలిని కొలుస్తూ, నిలకడగా సున్నా చూపిస్తోంది.